ఒక్క మ్యాచ్‌తోనే ఏడాది అయిపోతే ఎట్లా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక జిల్లా పేజీలో అమ్మాయిల ఇంటర్ కాలేజియేట్ బాస్కెట్‌బాల్ పోటీల వార్త వచ్చింది. ఒక గ్రూప్ ఫొటో, కింద నాలుగు లైన్లు. గెలిచిన కాలేజీ పేరు, రన్నరప్ పేరు, కప్పు అందించిన పెద్దల పేర్లు. వేసినందుకు సంతోషం, కాలేజీ ఆటలకు ఆ నాలుగు లైన్లు దొరకడమే కష్టం. నేను రాసేది ఆ ఫొటోలో లేని ఒక టీమ్ గురించి. మొదటి రౌండ్లోనే ఓడిపోయి అదే సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేసిన టీమ్. అందులో మా అమ్మాయి ఉంది. కూతురు ఓడిపోయింది కాబట్టి రాస్తున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనీయండి. నాకౌట్ అన్నాక మొదటి రౌండ్ ఆడిన టీముల్లో సగం అట్లాగే వెనక్కొస్తాయి, ఆ పిల్లలందరి గురించీ నేను రాస్తున్నది.

మాది అనంతపురం. పాప డిగ్రీ సెకండియర్. జూన్లో కాలేజీ తెరిచినప్పటి నుంచి పొద్దున ఐదున్నరకే గ్రౌండుకు పోయేది, ఎనిమిదింటికి ఇంటికొచ్చి గబగబా రెండు ముద్దలు తిని మళ్లీ క్లాసులకు. మొత్తం పన్నెండు మంది పిల్లలు, ముగ్గురికి సరైన షూస్ లేవు, ఒకమ్మాయి గార్లదిన్నె నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చేది. కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడమ్ సొంత డబ్బు పెట్టి రెండు బంతులు కొన్నారు. నాలుగు నెలలు ఇట్లా జరిగింది. పోటీలు ఎప్పుడో మాత్రం ఎవరికీ తెలీదు. అదిగో ఇదిగో అంటూ చివరికి వారం ముందు సర్క్యులర్ వచ్చింది, వేరే ఊళ్లో, అదీ మిడ్ ఎగ్జామ్స్ జరిగే వారంలో.

ఆ రోజు పిల్లలకు తోడుగా నేనూ వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్టాండులో కలిశాం, పది దాటాక అక్కడికి చేరాం, చేరాక డ్రా తీశారు. మా పిల్లల మ్యాచ్ మధ్యాహ్నం ఒకటిన్నరకు పడింది. సిమెంటు కోర్టు, పైన చెట్టు నీడ కూడా లేదు. అక్టోబరే అయినా మన సీమ ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, కోర్టు మీద అరచెయ్యి ఆనించి చూస్తే రెండు సెకన్లు ఉంచలేకపోయాను. గీతలు సున్నంతో గీశారు, మొదటి క్వార్టర్ అయ్యేసరికి సగం గీతలు పిల్లల షూస్ కింద చెరిగిపోయాయి. రెండు వైపులా రింగులకు నెట్లు లేవు.

నెట్ లేకపోతే ఏమవుతుందో ఈ ఆట ఆడనివాళ్లకు అంతగా తెలీదు. బంతి రింగుకు తగలకుండా నేరుగా పడిందనుకోండి, నెట్ ఉంటే ఆ నెట్ ఒక్కసారి పైకి లేచి కింద పడుతుంది, శబ్దం కూడా వస్తుంది, కళ్లు మూసుకున్నా పడిందని చెప్పొచ్చు. నెట్ లేకపోతే బంతి అట్లా దిగిపోతుందంతే, పక్కనుంచి చూసేవాళ్లకు రింగులోంచి పోయిందా రింగు ముందునుంచి పోయిందా అర్థం కాదు. చివరి నిమిషంలో మా పిల్లలు 30-31తో ఒక్క పాయింట్ వెనకున్నారు. గార్లదిన్నె అమ్మాయికి కుడివైపు బంతి దొరికింది, ఆగి, మోకాళ్లు వంచి, నేర్పించినట్టే షాట్ వేసింది. మా బెంచీ అంతా లేచి ఎగిరింది. దగ్గరున్న రిఫరీ పడలేదని చెయ్యి ఊపాడు. రెండో రిఫరీ ఆ టైములో వేరేవైపు చూస్తున్నాడు. పీడీ మేడమ్ వెళ్లి అడిగారు, ఇద్దరూ ఒక నిమిషం మాట్లాడుకున్నారు, లేదన్నారు. మ్యాచ్ 31-30తో పోయింది. ఆ షాట్ పడిందో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు, నేను ఎండకు ఎదురుగా కూర్చున్నాను. రిఫరీల తప్పు కూడా అనను, పాపం వాళ్లూ పొద్దున నుంచి అదే ఎండలో నిలబడి మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడిస్తున్నారు.

వెనక్కొచ్చేటప్పుడు బస్సులో ఆ అమ్మాయి నా పక్క సీట్లోకి వచ్చి కూర్చుని, 'అంకుల్, మనకు మళ్లీ మ్యాచ్ ఎప్పుడు?' అని అడిగింది. వచ్చే ఏడాదే కదమ్మా అన్నాను. తను ఫైనలియర్ అని ఆ తర్వాత గుర్తొచ్చింది.

అయ్యా, నా బాధ నెట్ గురించో ఆ ఒక్క షాట్ గురించో కాదు. నాలుగు నెలల ప్రాక్టీసుకు నలభై నిమిషాల ఆట, అందులో ఓడిపోతే ఏడాది మొత్తం ముగిసినట్టే. ఇదేం పద్ధతి?

ఇంకో దేశంలో ఎట్లా జరుపుతారో నాకు కొంచెం తెలుసు కాబట్టి చెప్తున్నాను. మా అక్క కొడుకు 2018లో అమెరికాలో బాల్టిమోర్ దగ్గర యూఎంబీసీ అనే యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివేవాడు, మన తెలుగు పిల్లలు చాలామంది చేరే చోటే అది. ఆ ఏడాది మార్చి 17, శనివారం, మర్నాడు ఉగాది. నేను మామిడాకులు, వేపపూత తెద్దామని చెప్పులేసుకుంటున్నాను, ఫోన్ మోగింది. 'మామా, మా కాలేజీ గెలిచింది మామా' అని ఒకటే అరుపు. అక్కడ అప్పుడు శుక్రవారం అర్ధరాత్రి కావస్తోంది. జాతీయ టోర్నమెంట్లో దేశంలోనే నంబర్ వన్ అనుకున్న వర్జీనియాను వీళ్లు 74-54తో ఓడించారు. ఆ టోర్నీలో ఒక్కో భాగంలో టీములకు 1 నుంచి 16 దాకా ర్యాంకులు ఇస్తారు, అంతకుముందు పురుషుల పోటీల్లో 16వ ర్యాంకు టీము ఒకటో ర్యాంకు టీముతో 135 సార్లు ఆడి 135 సార్లూ ఓడిపోయింది. సగం ఆట అయ్యేసరికి 21-21 సమానంగా ఉందట. ఇరవై పాయింట్ల తేడాతో గెలిచారు! ఆ తర్వాత రెండు రోజులు మావాడి ఫోన్లు తప్ప మా ఇంట్లో ఇంకో మాట లేదు.

ఆ కాలేజీకి అసలు ఆ టోర్నీలో సీటు ఎట్లా వచ్చిందన్నదే నా ఉత్తరంలో అసలు సంగతి. అక్కడ కొన్ని కాలేజీలు కలిసి ఒక కూటమి కడతాయి, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. నవంబర్లో సీజన్ మొదలవుతుంది, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎక్కువగా సొంత కాన్ఫరెన్స్ టీముల మధ్యే ఆట, ఒకసారి మా ఊళ్లో ఒకసారి మీ ఊళ్లో అన్నట్టు, నేను లీగు అనేది దీన్నే. ఒక్కో టీముకు సీజన్ మొత్తంలో ముప్పై దాకా మ్యాచ్‌లు దొరుకుతాయి. అవయ్యాక మార్చిలో కాన్ఫరెన్స్ టీములతో సీజన్ చివరి టోర్నమెంట్ పెడతారు. పెద్ద కాన్ఫరెన్సులు అందరినీ ఒకే ఊరికి పిలుస్తాయి, చిన్నవి కొన్ని పై స్థానంలో ఉన్న టీము సొంత కోర్టులోనే ఆడిస్తాయి. దాన్లో గెలిచిన టీముకు జాతీయ టోర్నీలో సీటు ఖాయం, లీగులో ఎన్నో స్థానంలో ఉన్నా సరే. యూఎంబీసీ వాళ్ల కాన్ఫరెన్సులో ఆ ఏడాది వెర్మాంట్ అనే కాలేజీ 16 లీగ్ మ్యాచుల్లో 15 గెలిచింది. ఏళ్ల తరబడి యూఎంబీసీ వాళ్లు వెర్మాంట్‌ను ఓడించిందే లేదు. ఫైనల్ కూడా వెర్మాంట్ సొంత కోర్టులోనే పెట్టారు. చివరి క్షణాల్లో జైరస్ లైల్స్ అనే కుర్రాడు దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ కొట్టాడు, 65-62. ఆ షాట్ పడింది కాబట్టే వర్జీనియాతో మ్యాచ్ వచ్చింది.

ఇట్లాంటివి అక్కడ చాలా ఉన్నాయి. 2011లో కనెక్టికట్ టీము బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్ లీగులో సగం గెలిచి సగం ఓడి తొమ్మిదో స్థానంలో చివరి టోర్నీకి వచ్చింది. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు వరసగా గెలిచి కప్పు కొట్టింది, అక్కడితో ఆగకుండా జాతీయ చాంపియన్ అయింది. 2024లో నార్త్ కరోలినా స్టేట్ అయితే లీగులో చివరి నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయి పదో స్థానంలో వచ్చింది, వాళ్లు కూడా ఐదు రోజుల్లో ఐదు గెలిచారు, జాతీయ టోర్నీలో చివరి నలుగురి దాకా పోయారు. 2009లో న్యూయార్క్‌లో సిరక్యూస్, కనెక్టికట్ మధ్య మ్యాచ్ సమానమై, అదనపు సమయం ఇచ్చి, మళ్లీ సమానమై, అట్లా ఆరు ఓవర్‌టైములు సాగి రాత్రి ఒంటిగంట దాటాక 127-117తో ముగిసింది. గెలిచిన సిరక్యూస్ పిల్లలు ఆ సాయంత్రమే మళ్లీ సెమీఫైనల్ ఆడారు. మార్చి నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇవి చూడటం నాకు అలవాటైపోయింది, పాప కూడా పక్కన కూర్చునేది, బహుశా తనకు ఈ పిచ్చి అట్లానే పట్టింది.

పీడీగా చేసి రిటైర్ అయిన నా స్నేహితుడు ఒకాయన ఈ మాటలకు ఒప్పుకోడు. ఏడాదంతా బాగా ఆడిన టీము చివర్లో ఒక్కరోజు సరిగా ఆడకపోతే దాని నోటికాడ కూడు లాగేసినట్టు కాదా అంటాడు. నిజమే, అక్కడ కూడా ఈ గొడవ ఉంది. 1974లో ఏసీసీ అనే కాన్ఫరెన్స్ ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ 103-100తో ఓవర్‌టైములో మేరీలాండ్‌ను ఓడించింది. అప్పట్లో ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒక్క టీమునే జాతీయ టోర్నీకి పంపేవాళ్లు. గెలిచినవాళ్లు వెళ్లి దేశానికే చాంపియన్ అయ్యారు, వాళ్లతో ఓవర్‌టైము దాకా పోరాడిన మేరీలాండ్‌కు ఆ టోర్నీలో చోటే లేకపోయింది. మరుసటి ఏడాదే రూలు మార్చారు, టీముల సంఖ్య 32కు పెంచి, ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకటికి మించి తీసుకోవచ్చన్నారు. 2011కల్లా అది 68 అయింది. ఐవీ లీగ్ అని పేరున్న పాత కాలేజీల కూటమి ఉంది, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ అందులోవే. వాళ్లు లీగులో మొదటొచ్చినవాళ్లే మొనగాళ్లని పట్టుబట్టి 2017 దాకా అసలు చివరి టోర్నీయే పెట్టలేదు. పెట్టిన మొదటి ఏడాది లీగులో 14కి 14 గెలిచిన ప్రిన్స్‌టన్ సెమీస్‌లో పెన్ అనే కాలేజీ చేతిలో ఓడినంత పనై, ఓవర్‌టైములో గట్టెక్కింది. అది చూసి నాకూ మనసులో కలుక్కుమంది, అబద్ధమెందుకు.

కానీ మా స్నేహితుడికి నేను చెప్పేది ఒకటే. అక్కడ లీగు గొప్పదా చివరి టోర్నీ గొప్పదా అని వాదించుకునేంత ఆట ఉంది. లీగులో మొదటొచ్చిన టీముకు చివరి టోర్నీలో మొదటి రోజులు ఆడనక్కర్లేకుండా బై ఇస్తారు, అది వాళ్ల కష్టానికి ఫలితం. లీగులో ఓడిన టీముకు చివర్లో ఇంకో అవకాశం ఇస్తారు. మన పిల్లలకు ఆ రెండింట్లో ఏదుంది? కష్టాన్ని లెక్కగట్టే లీగు లేదు, ఓడాక ఇంకోసారి నిలబడే టోర్నీ లేదు, డ్రా చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లతో ఒక్క మ్యాచ్, అంతే.

మన దగ్గర పైమెట్లు బాగానే ఉన్నాయి. యూనివర్సిటీ టీము దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలు ఆడుతుంది, అక్కడ మొదటి నాలుగు స్థానాల్లో వచ్చినవి అఖిల భారత పోటీలకు వెళ్తాయి, అక్కడ మొదటి ఎనిమిదిలో వస్తే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్, 2020లో భువనేశ్వర్‌లో మొదలైనవి. ఆ యూనివర్సిటీ టీముకు పన్నెండు మందిని ఏరేది ఈ ఇంటర్ కాలేజియేట్ పోటీల దగ్గరే. సెలక్టర్లు ఒక పిల్లను చూసేది ఆ ఒక్క మ్యాచ్‌లో, ఎండలో, చెరిగిపోయిన గీతల మధ్య. ఆ రోజు పిల్లకు జ్వరమైతే? నెలసరి వచ్చి ఉంటే? మొదటి ఐదు నిమిషాల్లో మూడు ఫౌల్స్ పడి బయట కూర్చోవాల్సి వస్తే? ఇంకో మ్యాచ్ ఉంటేనే కదా ఆ పిల్ల ఎట్లా ఆడుతుందో తెలిసేది.

అనంతపురంలో కృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ, కడపలో యోగివేమన, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, నాలుగూ మూడు నాలుగు గంటల ప్రయాణంలో ఉన్నాయి. నాలుగు చోట్లా స్పోర్ట్స్ చూసే పెద్దలు ఒక్క రోజు కలిసి కూర్చుంటే చాలు. ముందు ఎక్కడికక్కడే లీగు పెట్టండి. ఒక్క అనంతపురం టౌన్లోనే ఎన్ని కాలేజీలు లేవు! ఆగస్టు, సెప్టెంబర్ శనివారాలు సాయంత్రం నాలుగు తర్వాత ఒక కాలేజీ ఇంకో కాలేజీకి వెళ్లి ఆడితే బస్సు ఖర్చు లేదు, రాత్రి ఎక్కడో క్లాస్‌రూములో బెంచీలు కలిపి పడుకునే పని లేదు, క్లాసులు పోవు, అమ్మానాన్నలు కూడా వచ్చి చూడొచ్చు. కర్నూలులో అట్లాగే, కడపలో అట్లాగే. అట్లా ప్రతి టీమూ నాలుగైదు మ్యాచ్‌లు ఆడాక, సౌత్ జోన్ తేదీల కంటే ముందే, అందరినీ ఒక ఊరికి పిలిచి నాలుగు రోజుల టోర్నమెంట్ పెట్టండి. ఒక ఏడాది మన ఊరు, ఇంకో ఏడాది కర్నూలు, ఆ తర్వాత కడప. లీగులో అడుగున ఉన్న టీములు మొదటిరోజు ఆడతాయి, పైనున్నవాటికి బై. సెలక్షన్ చేసేవాళ్లు లీగు స్కోర్ షీట్లూ చూస్తారు, చివరి నాలుగు రోజులూ చూస్తారు. తేదీలు మాత్రం జూన్లోనే, కాలేజీ తెరిచిన వారంలోనే చెప్పెయ్యండి, మిడ్ ఎగ్జామ్స్‌కు అడ్డం రాకుండా. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట కోర్టులో ఏ మ్యాచూ వద్దు. ఆ నెట్లు కూడా కట్టించండి దయచేసి, జతకు కొన్ని వందలకు మించి కాదు.

దీనికి అమెరికా కాలేజీలంత డబ్బు కావాలని నేననుకోను. ఏసీసీ 1953లో పుట్టినప్పుడు మొదట చేరింది ఏడు కాలేజీలే, మరుసటి ఏడాదే చివరి టోర్నీ మొదలుపెట్టారు. మనకు కావాల్సింది రిఫరీల బత్తా, రెండు ఫ్లడ్‌లైట్లు, సున్నం బదులు నాలుగు డబ్బాల పెయింటు, తాగే నీళ్లు, అమ్మాయిలకు తలుపు గడియపడే బాత్రూమ్. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అది లేదనే పిల్లల్ని పంపని ఇళ్లు నాకు తెలుసు.

మన దగ్గర చూసేవాళ్లు లేరనే మాట కూడా ఒప్పుకోను. 2024 సెప్టెంబర్లో మన ఊళ్లో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగినప్పుడు ఊరు ఊరంతా అటే నడిచింది. అదే ఆర్డీటీ ఆవరణలో పల్లెటూరి పిల్లలు హాకీ, ఫుట్‌బాల్ ఆడతారు, 2010లో స్పెయిన్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ వాళ్లు వచ్చి టెన్నిస్ స్కూలు పెట్టారు. కరువు జిల్లాలో టెన్నిస్ ఏంటి అని ఆ రోజు అనుకుని ఉంటే అది వచ్చేదా? అమ్మాయిల ఆట ఎవరు చూస్తారనేవాళ్లకు ఇంకో సంగతి. 2024లో మినియాపోలిస్‌లో జరిగిన బిగ్ టెన్ కాన్ఫరెన్స్ అమ్మాయిల టోర్నీకి టికెట్లు ముందుగానే అమ్ముడైపోయాయి. కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఆడిన అయోవా టీము నెబ్రాస్కా మీద ఫైనల్ ఓవర్‌టైములో 94-89తో గెలిచింది, మా పాప ఆ మ్యాచ్ ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదు. అది కూడా కాలేజీ పిల్లల ఆటే.

మీకూ ఒక విన్నపం. ఇట్లాంటి లీగు మొదలైతే ఆదివారం జిల్లా పేజీలో ఒక మూలన పాయింట్ల పట్టిక వెయ్యండి, కాలేజీ పేరు, ఆడినవి, గెలిచినవి, ఓడినవి, అంతే చాలు. చివరి స్థానంలో ఉన్న కాలేజీ పేరు కూడా వెయ్యండి. ఆ పేపర్ ముక్క కత్తిరించి పిల్లలు పుస్తకంలో పెట్టుకుంటారు, ప్రిన్సిపాల్ టేబుల్ మీదికీ పోతుంది. యూనివర్సిటీల్లో బాధ్యత గలవాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే తేదీల మాట మాట్లాడమని అడుగుతున్నాను. మా పాపకు ఇక మిగిలింది ఒక్క ఏడాదే.

ఈ రోజు పొద్దున కూడా తను ఐదున్నరకే గ్రౌండుకు పోయింది. నేను పాల ప్యాకెట్ తెచ్చుకుని అటు నుంచి వస్తూ ఆగి చూశాను. గార్లదిన్నె అమ్మాయి అందరికంటే ముందే వచ్చి, కుడివైపు అదే చోట నిలబడి షాట్లు వేసుకుంటోంది.

ఇట్లు,
ఒక క్రీడాకారిణి తండ్రి,
అనంతపురం